పాటిమన్ను

రాయచూరు జిల్లాలో కల్లూరను గ్రామము కలదు. మా పెద్దలు గుంటూరు సీమనుండి ఈ ప్రాంతమునకు క్రొత్తగా వచ్చినపుడు ఆ పేరు విని నవ్వుకొనిరట. మన భాషలో కల్లు త్రాగునది. కన్నడమున కల్లనగా రాయి. ఊరి చెంతనున్న రాళ్లగుట్టను చూచిన పిమ్మట నవ్వు మానితిమని మా నాయనగారు చెప్పెడివారు. ఆ కల్లూరిలోనే పూర్వము మూడు రాగి ఖడ్గములు దొరకినవి. పిడి చివర కొమ్ములవలె రెండుగా చీలియుండు ఆ జాతి ఖడ్గములు ఉత్తరదేశమున గంగాయమునల నడిమి భూములలో ఎక్కువగా దొరకును. అవి ఇంత దక్షిణమునకు ఎట్లు చేరినవో పండితులు చర్చించిరి. మాకు మాత్రము ఆ ఖడ్గములకన్న వాటిని దాచుకొన్న మట్టిమీదనే మక్కువ. అందులకు కారణము ఈ వ్యాసముననే తెలియగలదు.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ భూమి సృష్ట్యాదినుండి ఇట్లే ఉండెనని మనమందరమును తలచుచుందుము. రేగడి రేగడిగా, ఎర్రనేల ఎర్రనేలగా దేవుడే పరచిపెట్టినట్లు మాటలాడుదుము. కాని ఈ దోఅబులోను, దీని చుట్టునున్న బళ్లారి, కర్నూలు, పాలమూరు సీమలలోను అచ్చటచ్చట బూడిదదిబ్బలు కలవు. కొన్ని పెద్ద గుట్టలవలె ఉండును. పైని మెత్తని బూడిద, లోపల కొలిమిలో కరగిన చిట్టెమువంటి గట్టి గడ్డలు. బళ్లారి చెంత కుడుతిని దిబ్బ భీముడు హిడింబాసురుని దహించిన చోటని అచ్చటివారు చెప్పుదురు. ఆనెగొంది దగ్గర నింబాపురము దిబ్బను వాలి చితాభస్మ మందురు. ఇంత బూడిద కావలెనన్న రాక్షసుడో వానరరాజో కాలవలసినదే యని జనుల ఊహ. అది తప్పు ఊహయే గాని తెలివిమాలిన ఊహ గాదు.

దొరలలో న్యూబోల్డు అను సైనికోద్యోగి 1840 ప్రాంతమున వీటినిగూర్చి వ్రాసెను. భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్టు బ్రూస్ ఫూటు ఇవి కాలిన పేడకుప్పలని గ్రహించెను. పేడయా, ఇంత పేడయా అని చాలమంది నమ్మలేదు. తుదకు లండను పండితుడు జూనరు ఆ చిట్టెమును పరీక్షించి, అది పేడ బూడిదయే మిక్కుటమైన వేడికి కరగి గాజువలె గట్టిపడినదని తేల్చెను. ఆల్చిన్ అను ఆంగ్లేయుడు 1952లో మన లింగసూగూరు తాలూకాలోని పిక్లిహాళును, 1957లో పాలమూరు సీమలోని ఉట్నూరు దిబ్బను త్రవ్వెను. ఉట్నూరులో బూడిద పొరల నడుమ పశువుల గిట్టల గుర్తులు, దడి కట్టిన గుంజల గుంతలు బయటపడినవి. నాలుగైదు వేల యేండ్లకు పూర్వపు ఆవుగిట్ట యొక్కటి బురదలో దిగి అట్లే నిలిచియున్నదన్నమాట. ఆ సంగతి మొదట చదివిననాడు మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి.

ఆనాటివారు పశువులను దొడ్లలో కట్టిరి. పేడ పేరుకొనెను. కొంతకాలమున కొకమారు దానికి నిప్పుపెట్టిరి. మరల కట్టిరి, మరల కాల్చిరి. పండుగనాళ్లలో కాల్చియుందురని ఆల్చిన్ తలంపు. మన భోగిమంటలు, ఉత్తరాదివారి హోలీ దానికి పోలికలు. పిమ్మట 1990 దశకమున మన తెలుగువాడగు కట్రగడ్డ పద్దయ్యగారు, పూనా దక్కన్ కళాశాలవారి పక్షమున, శోరాపురపు సీమలోని బూదిహాళును త్రవ్వి, దిబ్బ ప్రక్కనే జనుల ఇండ్లును పశువులను కోసిన తావును కనుగొనిరి. బూదిహాళన్న పేరులోనే బూడిద ఉన్నది. పండితులకు ముందే పల్లెవారు దానికి పేరుపెట్టి కూర్చుండిరి.

ఆ జనులు కేవలము పశువులకాపరులే కారు. ఉలవలు, పెసలు, అండుకొర్రలు పండించుకొనిరి. మాడిపోయిన గింజలు ఆ మట్టిలోనుండి ఏరి శాస్త్రజ్ఞులు పోల్చినారు. వరి వారికి ముఖ్యము గాదు. ఈ మాట మన కుటుంబములవారు కొంచెము గుర్తుంచుకొందురు గాక. దీని అవసరము ముందు వచ్చును.

మనుష్యుడు ఒకచోట వందల యేండ్లు వసించినచో ఆ మట్టి మారును. ఎముకలు, బూడిద, పేడ, ఇంటి చెత్త అన్నియు నేలలో కలియును. వాటిలోని భాస్వరము వానకు కొట్టుకొనిపోక మట్టికణములను అంటిపెట్టుకొని వేలయేండ్లుండును. స్వీడను దేశమున అర్హేనియస్ అను శాస్త్రజ్ఞుడు 1930 ప్రాంతమున పొలముల మట్టిని పరీక్షించుచు, భాస్వరమధికముగా నున్నచోట పూర్వము ఊళ్లుండెనని కనిపెట్టెను. బ్రెజిలు దేశపు అమెజాను అడవిలో సారములేని పసుపుపచ్చని నేలల నడుమ నల్లని సారవంతమైన మట్టి తావులున్నవి. అవి ప్రాచీనుల బొగ్గు, బూడిద, ఎముకలచే ఏర్పడినవి. మన తాతలకు ఏ శాస్త్రజ్ఞుడును చెప్పకుండగనే ఇది తెలియును. పాడుపడిన ఊరిచోటు పాడు. దాని మన్ను పాటిమన్ను. గుంటూరు కృష్ణా సీమలలో బండ్లకెత్తి పొలములకు తోలుకొనుచుండిరి. ఈ సీమ రైతులకును ఆ రుచి తెలియును. కురుబల గొఱ్ఱెలమందను రాత్రులు పొలమున కట్టించి, ధాన్యమిచ్చి పంపుటయు అందుకొరకే. దిబ్బలు కట్టినవారి దొడ్డికిని ఈ మందకును పెద్ద భేదము లేదు. వారు పేడను ఒకచోట కాల్చిరి, వీరు పొలమునిండ పరతురు.

ఇక మా ఇంటి సంగతి. తుంగభద్ర ఆనకట్టనుండి 1953లో నీరు వదలిన పిమ్మట, మన జిల్లాలవారు ఎడమకాలువ క్రింద భూములు కొని గుడిసెలు వేసికొనిరి. అవియే నేటి క్యాంపులు. మా నాయనగారు 1961లో వచ్చిరి. మేము కొన్న భూమికి అరక్రోసు దూరమున ఒక చిన్న బూడిదదిబ్బ యుండెను. దానిని ఎవరును త్రవ్వలేదు, ఏ పుస్తకమునను వ్రాయలేదు. 1972 వేసవిలో క్యాంపువారందరు కలిసి దానిని బండ్లకెత్తిరి. మాకప్పుడు పన్నెండేండ్లు, బండిమీద కూర్చుండుటయే మా పని. ముసలి కన్నడ రైతొకడు గట్టుమీద నిలిచి, “అది పాతవాళ్ల దొడ్డి, అంతా తీయకండి స్వామీ, కాస్త ఉంచండి” అని తెలుగులోనే చెప్పెను. మా నాయనగారు, “నీకూ రెండు బండ్లు తోలిస్తాలే పెద్దాయనా” అనిరి. ఆయన వలదనలేదు, కావలెననలేదు. నెలదినములలో దిబ్బ చదునయ్యెను. ఆ యేడు మా వరి మునుపెన్నడును ఎరుగనట్లు పండెను. ఆ పంటతోనే మా అక్క వివాహము జరిగినది. కాబట్టి ఆ దిబ్బను నిందించుటకును, మమ్ము నిందించుకొనుటకును మాకు నోరాడదు.

ఆ మట్టిలో నునుపు చేసిన నల్లరాతి గొడ్డలి యొకటి మాకు దొరకినది. జానెడు కూడ లేదు. అంచు ఇప్పటికిని వ్రేలికి తగులును.

మెట్రిక్యులేషను తరువాత ఎరువుల అంగడిలో గుమాస్తాగా చేరి ముప్పదియేండ్లకు పైగా చిట్టా వ్రాసితిమి. ఆ రాతిగొడ్డలియే కాగితములు ఎగురకుండ మా బరువు. పాటిమన్ను రెండుమూడేండ్లకు పని ముగించెను. ఎకరమునకొక బస్తా యూరియా కొన్నవారే పోను పోను మూడు బస్తాలు వ్రాయించుకొనిరి. మేము వ్రాసినది మా చేతనే. ఎవరి లెక్క ఎట్లు పెరిగినదో మాకు తెలియును. ఈ కాలువను కట్టినవారి తలంపు జొన్న, ప్రత్తి, వేరుసెనగలకు తడియిచ్చి కరవు తప్పించుట. మనము వచ్చి మొదటి భాగమున వరి వేసితిమి. దిగువవారికి నీరు తగ్గెను. ఎగువ పొలములలో నిలిచిన నీరు క్రిందికి దిగి, భూమిలోని నీటిమట్టమును పైకి తెచ్చెను. నీటితో ఉప్పును వచ్చెను. ఎండకు నీరు ఆవిరియై ఉప్పు పైని మిగిలెను. దానినే మనము చౌడందుము. ఉప్పు తీయుటకు నేలలోపల గొట్టములు వేయు పద్ధతులను గంగావతిలోని వ్యవసాయ పరిశోధన స్థానమువారు ఏండ్లతరబడి చూపుచున్నారు.

ఇది మనతో మొదలైనది గాదు. సుమేరు దేశమున కాలువల క్రింద మొదట గోధుమ, యవలు రెండును పండెడివి. ఉప్పు పెరిగిన కొలది గోధుమ తగ్గి, ఉప్పును ఓర్చు యవలే మిగిలినవని జాకబ్సెన్, ఆడమ్స్ అను పండితులు 1958లో వ్రాసిరి. ఆ మార్పునకు వందల యేండ్లు పట్టెను. మా క్యాంపు పొలముల మూలలు తెల్లబడుటకు ఒక తరము కూడ పట్టలేదు. దిబ్బ కట్టినవారు ఈ నేలకు వేలయేండ్లు కూడబెట్టిరి. మేము దానిని రెండుమూడు పంటలలో తింటిమి. మా నాయనగారు ఈ మాట విన్నచో కోపగించెడివారే. “బిడ్డల కడుపులు నింపాను, నువ్వు లెక్కలు వ్రాయడం నేర్చింది ఆ పంటతోనేరా” అనెడివారు. అదియు నిజమే.

పని మానిన తరువాత ఒక వేసవిలో కల్లూరు పోయితిమి. గుట్ట నీడన వేపచెట్టు మొదట అట్టివే నున్నని రాతిగొడ్డళ్లు మూడునాలుగు నిలిపి, కుంకుమ పెట్టియున్నవి. పొలములలో దొరకినవాటిని లింగములని యెంచి పెట్టుట ఈ సీమలో వాడుక. మా సంచిలోని రాతిని తీసి వాటి ప్రక్కన ఉంచితిమి. చెట్టుక్రింద కూర్చున్న అవ్వ చూచి, “ఇది ఎక్కడిదప్పా, ఏ దిబ్బది?” అని యడిగెను. మేము చేయెత్తి పడమటి దిక్కు చూపితిమి. ఆమె కన్నులపై అరచేయి అడ్డుపెట్టుకొని చాలసేపు అటే చూచి, “అక్కడ దిబ్బ ఏదీ లేదే?” అనెను.