నల్లపాడులో నాలుగు రోజులు

చుట్టపుచూపుగా వెళ్ళినవారికి ఊరు కనపడదు. ఊరు చూడబోయినవారికి చుట్టాలు గుర్తురారు. రెండూ ఒక్క ప్రయాణంలో కలిసిరావాలంటే గుంటూరు పక్కన నల్లపాడులో ఒక పెద్దమ్మ ఉండాలి. అదృష్టవశాత్తూ మాకు ఉన్నది.

మార్చి నెలలో పిల్లలతో సహా హైదరాబాదు నుండి బయలుదేరాము. నల్లపాడు చిన్న స్టేషనే గాని జంక్షను. ఒక దారి సత్తెనపల్లి, నడికుడి మీదుగా హైదరాబాదు వైపు, ఇంకొకటి నరసరావుపేట, మార్కాపురం మీదుగా నంద్యాల వైపు చీలుతాయి. గుంతకల్లు పోయే ఆ రెండో లైను 1990ల దాకా మీటరుగేజీయే. మా బండి నల్లపాడులో ఆగలేదు. దిగవలసిన ఊరు కిటికీలో కనబడి వెనక్కుపోతే, గుంటూరులో దిగి ఆటోలో మళ్ళీ దాని దగ్గరకే వచ్చాము. 2012లో నల్లపాడు గుంటూరు నగరంలో కలిసింది. అయినా పెద్దమ్మ బజారుకు బయలుదేరితే, “గుంటూరు వెళ్ళొస్తా” అనే అంటుంది.

మొదటిరోజు భోజనంలోనే పిల్లలకు కొరివికారం పరిచయమయింది. గడ్డపెరుగు వచ్చేవరకు ఇద్దరూ నోరు మూయలేదు. “కొండవీటి రెడ్డిరాజులు కూడా ఇంత కారమే తినేవారా?” అని మా అబ్బాయి అడిగాడు. పాపం, వారు దీని రుచి ఎరుగరు! కొండవీటి రాజ్యం 15వ శతాబ్దంలోనే ముగిసింది. మిరపకాయ దక్షిణ అమెరికా నుండి పోర్చుగీసువారి ఓడలలో మన దేశం చేరింది 16వ శతాబ్దంలో. అంతకుముందు మనవాళ్ళ కారమంతా మిరియాలదే. నిన్నగాక మొన్న వచ్చిన చుట్టం ఇంటి యజమాని అయి కూర్చున్నదన్నమాట.

మరునాడు పెదనాన్న మమ్మల్ని గుంటూరు మిర్చియార్డుకు తీసుకువెళ్ళాడు. ఎటు చూచినా టిక్కీలే. ముఖాలకు గుడ్డలు చుట్టుకొన్న కూలీలు, గుప్పెడు కాయలు తీసి రంగు చూచే వ్యాపారులు. మేము తుమ్ముతూ నిలబడితే, పెదనాన్న మాత్రం ఒక్కొక్క కుప్ప దగ్గర ఆగి ధర అడుగుతున్నాడు. ఆయన పంటలో సగం అమ్మాడు. మిగతాది కోల్డు స్టోరేజిలో ఉన్నది. ఈ ఏడు కూడా ధర రాకపోతే చేను కౌలుకిచ్చి తమ దగ్గరకు వచ్చెయ్యమని కొడుకులిద్దరూ పట్టుపట్టారు. ఒకడు బెంగుళూరులో, ఒకడు అమెరికాలో ఉన్నారు. “అక్కడ నేను చేసే పనేముందిరా!” అన్నాడు పెదనాన్న, ఎవరితోనో అన్నట్లుగా.

తిరుగుదారిలో జిన్నాటవరు చూచాము. ఆరు స్తంభాల మీద గుమ్మటం; అది నిలిచినది మహాత్మాగాంధీ రోడ్డులో! 2022లో దానికి మూడురంగులు వేశారు. గాంధీగారి బాటలో జిన్నాగారిని నిలబెట్టి, మధ్యన రాకపోకలు సాగిస్తున్న ఊరు గుంటూరు.

మూడవరోజు అమరావతి ప్రయాణం. గుంటూరు నుండి సుమారు 35 కిలోమీటర్లు. దారిలో లాం పరిశోధనాక్షేత్రం రాగానే పెదనాన్న కారు నెమ్మదిగా పోనిమ్మన్నాడు. ఆయన చేలో వేసిన 334 రకం మిరప పుట్టినది అక్కడే. పిల్లలకు ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కంఠంలో సొంత బడిని చూపించే విద్యార్థి గర్వం వినిపించింది.

పెద్దమ్మ నల్లపాడు కాపురానికి వచ్చి యాభై ఏళ్ళు దాటింది. శివరాత్రులకు అమరేశ్వరుని చూచింది, కృష్ణలో మునిగింది. ఆ పక్కనే ఉన్న స్తూపం వైపుగాని, మ్యూజియం వైపుగాని ఒక్కసారీ వెళ్ళలేదు. ఇంటి పనుల్లో తీరిక ఎక్కడిది? మేము వచ్చాము కనుక ఆమెకూ వీలయింది.

స్తూపమున్న చోట ఇప్పుడు మిగిలినది గుండ్రని పీఠం, చుట్టూ కొన్ని రాళ్ళు. 1797లో కాలిన్ మెకంజీ వచ్చేనాటికే ఇక్కడి రాళ్ళు కొత్త కట్టడాలకు తరలిపోతున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఆయన తీయించిన శిల్పాలు మద్రాసు చేరి, 1859లో లండన్‌కు ఓడెక్కాయి. నేడు బ్రిటిష్ మ్యూజియంలో కొన్ని, చెన్నైలో కొన్ని, ఇక్కడి మ్యూజియంలో కొన్ని ఉన్నాయి.

ఈ కథ పిల్లలకు చెబుతూ ఉంటే పెద్దమ్మ కూడా విన్నది. పీఠం చుట్టూ ఒకసారి నడిచి వచ్చి, “ఇక్కడ పుట్టిన రాళ్ళకు అంత దూరాన ఏం పొద్దుపోతుందిరా?” అన్నది. పెదనాన్న ఆమె వంక చూచాడే గాని, మాట్లాడలేదు. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆయన ఎవరికీ ఫోను చేసి ధర అడగలేదు.

ఆ రాత్రి అమెరికా కొడుకు పిలిస్తే పెద్దమ్మే మాట్లాడింది. “కౌలు సంగతి ఉగాది వెళ్ళాక చూద్దాంలే. ముందు నువ్వు పిల్లల్ని తీసుకురా, అమరావతి చూపిస్తా” అన్నది.

మీరూ ఈ వైపు వెళ్ళదలిస్తే రెండు సంగతులు గుర్తుంచుకోండి. శని, ఆదివారాలు మిర్చియార్డుకు సెలవు. అమరావతి మ్యూజియానికి శుక్రవారం. ఇంకొకటి: చుట్టాలింట దిగితే మీరు మాత్రమే ఊరు చూచి రాకండి. వారిని కూడా బయలుదేరదీయండి. పక్కనే ఉన్నదాన్ని ఎప్పుడో చూద్దామనుకొంటూ ఏళ్ళు గడిపినవారు ప్రతి ఇంటా ఉంటారు.