తూకానికి అమ్మిన బేబీ

మా పెదనాన్నగారు కాకినాడలో ప్లీడరు. ఆయన కారును ఇంట్లో ఎవరూ కారనేవారు కాదు, "బేబీ" అనేవారు. "బేబీకి నీళ్లు పోశారా?", "బేబీని నీడన పెట్టండి" అని మా పెద్దమ్మ కేకలేస్తుంటే, కొత్తగా వచ్చిన కక్షిదారులు ఇంట్లో చంటిపిల్ల ఉందనుకునేవారు.

అది బేబీ ఆస్టిన్. అసలు పేరు ఆస్టిన్ సెవెన్. చిన్నతనంలో మాకు తెలిసిందల్లా అందులో నలుగురు కూచోవచ్చుననీ, మేం ఎనిమిదిమందిమి కూచునేవాళ్లమనీ. పెదనాన్నగారు క్లచ్చి వదిలితే బండి కప్పలా ఒక్క గెంతు గెంతి ఆగిపోయేది. తప్పు బండిది కాదు, ఆయన కాలిది.

దాని పుట్టుక కథ చాలా ఏళ్ల తరవాత చదివాను. మొదటి యుద్ధం అయ్యాక ఇంగ్లండులో మామూలు సంసారి కారు కొనగలిగే రోజులు కావు. మోటారు సైకిలుకి పక్కబండి తగిలించుకుని, భార్యాబిడ్డల్ని అందులో ఎక్కించి, వానలో తడుస్తూ పోయేవాడు. అలాంటి వాడికోసం చిన్న కారు చేద్దామన్నాడు సర్ హెర్బర్ట్ ఆస్టిన్. కంపెనీ అప్పటికే అప్పుల్లో ఉంది. డైరెక్టర్లు ససేమిరా అన్నారు. ఆయన స్టాన్లీ ఎడ్జ్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాణ్ణి ఇంటికి తీసుకుపోయి, బిలియర్డ్స్ గదిలో కూచోబెట్టి నక్షాలు గీయించాడు. సొంత డబ్బు పెట్టాడు. (ఊరికే కాదులెండి, అమ్మిన ప్రతి బండికీ రెండు గినీలు తన పేర రాయించుకున్నాడు!)

1922లో కారు బయటికొచ్చింది. నాలుగు సిలిండర్లు, నాలుగు చక్రాలకీ బ్రేకులు; బరువు చూస్తే అయిదు బస్తాల ధాన్యమంత. 1939 దాకా సుమారు 2,90,000 తయారయ్యాయి. జర్మనీలో దీన్నే లైసెన్సు మీద "డిక్సీ" పేరుతో చేస్తున్న ఫ్యాక్టరీని 1928లో బి.ఎం.డబ్ల్యు. కొన్నది. అంటే ఆ ఘనమైన కంపెనీ మొదటి కారు మా బేబీకి చెల్లెలన్నమాట. లోటస్ రేసుకార్ల కోలిన్ చాప్‌మన్ 1948లో తన తొలి కారు కట్టుకున్నదీ పాత సెవెన్ మీదనే.

ఈ సంగతులు నాకు 1971లో తెలిసివుంటే! పెదనాన్నగారు పోయిన ఏడాది అది. షెడ్డు అద్దెకిద్దామని, పాత ఇనుము కొనేవాణ్ణి నేనే పిలిచాను. వాడు ఊడదీసినవి ఊడదీసినట్టు తూకం వేశాడు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. అడ్డు చెప్పలేదు. చివరికి, "ఆ బూర ఒక్కటీ నాకుంచరా" అంది.

ఆవిడ పోయేదాకా అది దేవుడి గూటి పక్కన మేకుకి వేలాడింది. రబ్బరు చిట్లి మోగడం ఎప్పుడో మానేసింది. అయినా ప్రతి శుక్రవారం చింతపండు పెట్టి తోమేది.