గాలి పోయే దారి

రేడియో సంకేతాలతో ఎగిరే చిన్న విమానానికి ప్రాణం ఇంజను. ఆ ఇంజను చుట్టూ ముసుగువలె అమరే డొల్ల కవచాన్ని కౌలింగు అంటారు. అది కేవలం అలంకారమని మేము చాలాకాలం భ్రమపడ్డాము. ఆ భ్రమ ఏ విధంగా తొలగిందో సోదర విద్యార్థులకు విన్నవించుటకే ఈ చిన్న ప్రయత్నం.

2023 వేసవిలో మేము నలుగురం, ఎన్.సి.సి. వాయు విభాగంలో అలవడిన విద్యతో, బాల్సా కర్రతో ఒక విమానాన్ని నిర్మించాము. చందాలు వేసుకొని కొన్న గ్లో ఇంజనును దానికి బిగించాము. మెథనాలులో ఆముదం కలిపిన ఇంధనమే దాని ఆహారం. ఇక మిగిలినది ఫైబర్‌గ్లాసు కౌలింగు.

దానిని అమర్చుట అనుకున్నంత సులభం కాదు. ప్రొపెల్లరు తిరిగే బలం విమానాన్ని ఎడమకు లాగుతుంది కనుక ఇంజనును 2 డిగ్రీలు కుడికి మళ్ళించి బిగించాము. అందుచేత కౌలింగును విమానం మధ్యరేఖకు గాక, ముందున్న స్పిన్నరుకు సరిచూడవలసి వచ్చింది. రెండింటి నడుమ 2 మిల్లీమీటర్ల మందం గల అట్టబిళ్ళను ఉంచి, సందు చుట్టూ సమంగా ఉండేట్లు చూచాము. నీడిల్ వాల్వు కొరకు రంధ్రం చేయవలసిన చోటును పాత ఎక్స్‌రే ఫిల్ము చూపింది. ముందుగా ఫిల్మును విమానానికి అంటించి, వాల్వుకు ఎదురుగా రంధ్రం చేశాము. పిదప దానిని వెనుకకు మడిచి, కౌలింగు తొడిగి, ఫిల్మును మరల పైకి పరచి, ఆ రంధ్రం గుండా గుర్తు పెట్టాము. నాలుగు మరలు బిగించేసరికి ఆ నునుపు చూచి మురిసిపోయాము. అందం చెడుతుందని మరొక కోత పెట్టలేదు.

ఎండిన చెరువులో ఎగురవేసిన మూడు నిమిషాలకే ఇంజను ఆగింది. విమానం తుమ్మకంపలో పడి రెక్క విరిగింది. నీడిల్ సరిచేసినవాడు మాలో ఒక మిత్రుడు. ఇంధనం చాలక ఆగిందనీ, తప్పు అతనిదేననీ మిగిలిన ముగ్గురం తీర్పు చెప్పాము. అతడు మారు పలుకక వెళ్ళిపోయాడు. మరునాటి నుండి రాలేదు.

విరిగిన మర ఒకటి తీయించుటకు ఒక వృద్ధ స్కూటరు మెకానిక్కు వద్దకు వెళ్ళాము. ఆ ఉస్తాద్ కౌలింగును అటూ ఇటూ త్రిప్పి చూచి, "హవా ఆనే కా రాస్తా హై, జానే కా రాస్తా కిధర్ హై బేటా?" అన్నాడు. గాలి వచ్చే దారి ఉంది, పోయే దారి ఏదీ అని ఆయన ప్రశ్న. తన ముందున్న పాత స్కూటరు ఇంజనుపై రేకు తొడుగును చూపాడు. ఫ్యాను విసిరే గాలిని ఆ తొడుగు సిలిండరు రెక్కల మధ్యగా నడిపి బయటకు పంపుతుంది. మా కౌలింగుకు ముందు పెద్ద నోరు ఉంది. వెనుక సైలెన్సరు చుట్టూ సన్నని సందు తప్ప మరేమీ లేదు. లోపలి వేడిగాలి కదలకపోతే చల్లనిగాలి ఎక్కడ చొరబడుతుంది?

పిదప పుస్తకాలు తిరగవేశాము. అమెరికాలోని లాంగ్లీ ప్రయోగశాలలో ఫ్రెడ్ వైక్ బృందం 1928లో రూపొందించిన కౌలింగు వలన ఒక కర్టిస్ విమానం వేగం, ఇంజను మార్చకుండానే, గంటకు 118 మైళ్ళ నుండి 137 మైళ్ళకు పెరిగింది. ఆ కృషికి 1929 సంవత్సరపు కాలియర్ ట్రోఫీ లభించింది. గాలి రాకపోకలు రెండింటినీ ఆలోచించినందువల్లనే ఇంజను చల్లగా ఉంటూ వేగమూ హెచ్చింది.

వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది. కనుక బయటి దారి లోపలి దారికి కనీసం రెట్టింపు ఉండేట్లు కౌలింగు అడుగున కోత పెట్టాము. రెక్క అతికించి మరల ఎగురవేశాము. ఈసారి ట్యాంకు ఖాళీ అయ్యేవరకు ఇంజను ఆగలేదు. నీడిల్ మాత్రం మా మిత్రుడు రంగుచుక్కతో గుర్తు పెట్టిన చోటనే ఉంది. దానిని మేము వెంట్రుకవాసి కూడా కదపలేదు.

ఆ సాయంత్రం ముగ్గురం అతని ఇంటికి వెళ్ళి క్షమాపణ కోరాము. అతడు కౌలింగును చేతిలోకి తీసుకొని, కోత అంచును వ్రేలితో తడిమి, "ఇక్కడ ఆకురాయి పట్టాలి" అని మాత్రం అన్నాడు. మరునాడు ఆకురాయితో వచ్చాడు.

ఇంజనుకు గాలి పోయే దారి ఉంచని మేమే, ఆనాడు మిత్రునికి మాట చెప్పుకొనే దారి కూడా ఉంచలేదు. మొదటి తప్పును ఉస్తాద్ చూపాడు. రెండవది మాకు మేమే తెలుసుకొన్నాము.