పలక మాట

మార్కాపురం అనగానే చెన్నకేశవస్వామి గుడి తర్వాత ఎవరికైనా తట్టేది పలకే. తెలుగునాట ఎన్నో తరాలు ఓనమాలు దిద్దింది ఈ నేల రాతి మీదే. ఆ పలక ఎంత దూరం వెళ్లిందో, దాన్ని పిలిచే మూడక్షరాల మాట అంతకంటే ఎక్కువ దూరం తిరిగింది.

కన్నడంలో అది హలగె. పాలు హాలు అయినట్టు, పులి హులి అయినట్టు అక్కడ పకారం హకారమైంది. హలగె అంటే చెక్కబల్ల, డప్పు కూడా. సీమలోనూ డప్పును పలక అనేవాళ్లున్నారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలకు సీమ మాట పరాయిది కాదు. తమిళంలో పలగై. బడిలో నల్లబల్లను వాళ్లు కరుంబలగై అంటారు. మధురై కథల్లో శివుడిచ్చిన సంగప్పలగై ఉంది. అసలైన కవికే చోటిచ్చే పీట అది. మలయాళంలో పలక అంటే చెక్కే. సంస్కృతంలో ఫలకం అంటే బల్ల, డాలు, రాసుకునే పలక కూడా. శంకుస్థాపన రోజున తెర తీసి చూపించే శిలాఫలకంలో మనకు రోజూ కనిపించేది అదే.

సంస్కృతంలో ‘ఫల్’ ధాతువుకు చీలడం, పగలడం అనే అర్థముంది. పలకరాయి గుణమంతా ఆ చీలడంలోనే ఉంది. నల్లమల పక్కనున్న ఈ రాతి పొరలను భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి కంభం ఊరి పేరుతోనే పిలుస్తారు. వాటి వయసు వంద కోట్ల ఏళ్ల పైమాటే. ఎప్పటిదో నీటి అడుగున పేరుకున్న బురద ఒత్తిడికి నలిగి, గట్టిపడి, లోపల సన్నని రేకులుగా అమరింది. పనివాడు రాయిని నిలబెట్టి, అంచున రేకు దారి వెతికి, ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తడతాడు. దెబ్బ గట్టిగా పడితే రాయి ముక్కలవుతుంది. సరిగ్గా పడితే నిలువునా విచ్చుకుని, రెండు నున్నని ముఖాలు బయటపడతాయి. ఆ సన్నని రేకును కోసి, అరగదీసి, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే బడిపిల్లవాడి చేతికొచ్చే పలక తయారు.

జర్మానిక్ భాషల వాళ్లు కూడా ఈ రాయిని చూసి ఇదే గమనించారు. ఇంగ్లీషు స్లేటు పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. అక్కడ దానర్థం పగిలిన ముక్క. ఆ ఫ్రెంచి మాట వెనకున్నది చీల్చడమనే అర్థమున్న జర్మానిక్ మాట. ఇంగ్లీషు స్లిట్ దానికి చుట్టమే. జర్మన్లు ఈ రాయిని షీఫర్ అంటారు. దాని పాత అర్థం రాతి చీలిక. డచ్చివాళ్ల దారి మాత్రం వేరు. వాళ్లు లై అంటారు, దాని పాత అర్థం బండ. రైన్ నది ఒడ్డున పేరుపడ్డ లొరెలై కొండ పేరు చివర ఉన్నదీ అదే.

మాటలు పుట్టేది పండితుల బల్ల దగ్గర కాదు, పనివాడి చేతుల్లో అని నా నమ్మకం. రాయి ఎలా విచ్చుకుంటుందో తెలిసిన చేతులే దానికి సరైన పేరు పెట్టగలవు. ఇప్పుడు బడుల్లో నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చేశాయి. మార్కాపురం రాయి గోడలకు, నేలకు పరిచే బిళ్లలై విదేశాలకు వెళుతోంది. బతుకుతెరువు అలా మారడంలో తప్పులేదు. కానీ రాయి మంచిచెడ్డలకూ, రేకు మందానికీ, ఉలి దెబ్బకూ గనుల్లో వాడే మాటలు పనితోపాటే మారిపోతాయి.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు. తర్వాత చేనేత పదాలకూ ఒక సంపుటం వచ్చింది. రైతు మాటకూ నేతగాడి మాటకూ దక్కిన ఆ గౌరవం, మనందరికీ అక్షరం దిద్దించిన రాతిని చీల్చే మనిషి మాటకూ దక్కాలి. గనుల్లో ఆ పని తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. మార్కాపురం, కంభం, గిద్దలూరు కాలేజీల్లో తెలుగు చదివే పిల్లలు వాళ్ల దగ్గర కూర్చుని ఆ మాటలు రాసుకోవడం ఈ ఏడే మొదలుపెట్టాలి.