వెనుదిరిగిన విమానం

అలాస్కాలోని ఆంకరేజ్ నగర కేంద్రానికి చేరువలో మెరిల్ ఫీల్డ్ అనే చిన్న విమానాశ్రయం ఉంది. ఈ ప్రాంతంలో చిన్న విమానం విలాసం కాదు, అవసరం. రాష్ట్ర రాజధాని జూనోకే బయటి నుండి రోడ్డు మార్గం లేదు. ఇక మారుమూల పల్లెల సంగతి చెప్పనక్కరలేదు. అందుకే ఇక్కడి కుటుంబాలు పిల్లలను, పెంపుడు జంతువులను వెంటబెట్టుకొని సొంత విమానాలలో ప్రయాణిస్తుంటాయి.

గత జూన్‌లో మాకూ ఆ అవకాశం లభించింది. పొరుగింటి పెద్దాయన, విశ్రాంత ఉపాధ్యాయుడు, తన నాలుగు సీట్ల సెస్నా 172లో మమ్మల్ని తల్కీట్నా గ్రామానికి తీసుకువెళతానన్నారు. ఆకాశం నిర్మలంగా ఉంటే అక్కడి నుండి 6,190 మీటర్ల ఎత్తయిన దెనాలి శిఖరం కనిపిస్తుంది. మేమిద్దరం, ఏడేళ్ళ మా అమ్మాయి, మా పిల్లి ప్రయాణికులం.

బయలుదేరే ముందు ఆయన మా అందరి బరువులు రాసుకున్నారు. పిల్లిని కూడా దాని పెట్టెతో సహా తూచారు. ఆయన విమానం మొత్తం బరువు 1,157 కిలోలు మించరాదు. ట్యాంకులు నిండా నింపితే ఇంధనమే సుమారు 145 కిలోలు ఉంటుంది. బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడ ఉందన్నదీ ముఖ్యమే. తోక వైపు ఎక్కువైతే విమానం అదుపు తప్పవచ్చు. పిల్లి పెట్టెను కదలకుండా బిగించారు. విడిచిపెట్టిన జంతువు బెదిరి పైలట్ కాళ్ళ దగ్గరి పెడళ్ళ మధ్య దూరితే అందరికీ ముప్పే. ఇంజను హోరు వినబడకుండా అమ్మాయికి చిన్న హెడ్‌సెట్ పెట్టారు. దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేయకుండా చప్పరించమని మిఠాయి ఇచ్చారు. "పిల్లికి మింగమని చెప్పలేం కదా! అందుకే మెల్లగా దిగుతాను" అన్నారు.

ప్రయాణ దుఆ చదువుకొని కూర్చున్నాము. సుసిట్నా నది పాయలు, బర్చ్ చెట్ల అడవులు కింద పరచుకున్నాయి. సగం దూరం వెళ్ళేసరికి ఎదుట మబ్బులు కిందికి దిగసాగాయి. పెద్దాయన మారుమాట లేకుండా విమానాన్ని వెనక్కి తిప్పారు.

"అబ్బా, ఇంకొంచెం దూరమే కదా!" అంటూ అమ్మాయి ఏడ్చింది. మేము కూడా ఆగలేక, మరికొంత ముందుకు వెళ్ళి చూడకూడదా అని అడిగాము. "ఇప్పుడు తిరగడానికి చోటు ఉంది. ఇంకాస్త వెళితే ఉండకపోవచ్చు" అన్నారాయన. నేలను చూస్తూ నడిపే పైలట్ మబ్బులో చిక్కుకుంటే పైకేదో కిందికేదో తెలియక విమానాన్ని కూల్చుకొనే ప్రమాదం ఉంది.

నేల మీద దిగాక మాకు సిగ్గనిపించింది. అందరి బరువులూ తూచిన ఆ మనిషి మీద తూకానికి అందని బరువును మోపింది మేమే. బిడ్డ కన్నీళ్ళు, పెద్దల మొహమాటం, ఇచ్చిన మాట కలిసి పైలట్‌ను ముందుకు నెట్టగలవు. ఆయన లొంగలేదు, మా అమ్మాయి క్షేమంగా ఇల్లు చేరింది.

ఆ సాయంత్రమే కారులో సుమారు 180 కిలోమీటర్లు ప్రయాణించి తల్కీట్నా చేరాము. జూన్ నెల కావడంతో రాత్రి పది గంటలకు కూడా వెలుతురు ఉంది. దెనాలి మాత్రం మబ్బుల చాటునే ఉండిపోయింది.

ఇప్పుడు ఏ ప్రయాణానికైనా బయలుదేరే ముందు అమ్మాయికి ఒక మాట చెబుతున్నాము: "దారిలో వెనక్కి రావలసి రావచ్చు. అప్పుడు ఎవరమూ 'ఇంకొంచెం' అనకూడదు." అమ్మాయి తల ఊపుతుంది. మేమూ ఆ మాటను మాకే చెప్పుకుంటున్నాము.