వెలుగులో మునిగిన నీహారికలు

గాజువాకలోని మా యింటి పెరటినుండి రాత్రివేళ తలయెత్తి చూచినచో ఇరువది ముప్పది నక్షత్రములకంటె నెక్కువ కానరావు. ఈశాన్యమున విశాఖ రేవు దీపములును, చమురు శుద్ధి కర్మాగారపు జ్వాలయు, నైరుతిని ఉక్కు కర్మాగారపు కాంతియు, నడుమ వీధిదీపములును గలసి మింటికి బూడిదరంగు పూసియున్నవి. రేవు 1933లో తెరవబడెను. ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమయ్యెను. వీనివలన అన్నము దినని కుటుంబము మా ప్రాంతమున నరుదు గనుక నేను వీనిని నిందింపజాలను. అయినను ఈ పెరటిలోనే, కొబ్బరిచెట్టు ప్రక్కన, ఒక చిన్న దూరదర్శినిని నిలిపి, దానికి కెమేరాను తగిలించి, కంటికి కానరాని నీహారికల ఛాయాచిత్రములు దీయుట నాకు కొన్నియేండ్లుగా నలవాటు.

విశాఖపట్టణమునకు ఈ వెఱ్ఱి క్రొత్తది కాదు. 1840లో గోడే వెంకట జగ్గారావుగారు డాబాతోటలలో తమ స్వంత వ్యయముతో వేధశాలను నెలకొల్పిరి. వారి యల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబము నడ్డముగా దాటుటను అచ్చటినుండియే పరిశీలించిరి. అప్పుడు వారికి మబ్బులొక్కటే శత్రువులు. నేడు డాబాతోటలలో నర్ధరాత్రి సయితము పత్రిక చదువుకొనవచ్చును.

గత మాఘమాసమున నేను రోజాపువ్వు నీహారికను దీసి మా యమ్మకు జూపితిని. ఇది సుమారు 5,000 కాంతి సంవత్సరముల దూరమున నున్న వాయుమేఘము. చిన్నదగుటచే కనబడుట లేదనుకొందురేమో! ఆకాశమున దాని వెడల్పు పూర్ణచంద్రునికి రెండింతలకు మించియున్నది. కాని దాని వెలుగు మిక్కిలి పలుచన. అమ్మ కళ్లజోడు సవరించుకొని చాలసేపు చూచి, "ఇది నిజముగా నున్నదా నాయనా, లేక నీ యంత్రము వేసిన బొమ్మయా?" అని యడిగెను.

ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. లేని రంగులను గూడ కంప్యూటరు పూయగలదని నేటి పిల్లల కందఱకు దెలియును. నేనామెకు గుంటూరి కథ చెప్పితిని.

1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించినప్పుడు, ఫ్రాన్సు దేశస్థుడైన జాన్సెన్ పండితుడు గుంటూరిలో నుండి, సూర్యుని యంచున లేచు మంటలను వర్ణదర్శినితో చూచెను. ఆ మంటల వెలుగు ఇంద్రధనుస్సువలె పరచుకొనక, కొన్ని సన్నని గీతలుగా మాత్రమే యేర్పడెను. ఆ గీతలు మిక్కిలి ప్రకాశవంతముగా నుండుటచే, గ్రహణము లేకున్నను ఇవి కానవచ్చునని యాతనికి దోచెను. మఱునాడుదయమున నిండు సూర్యుని యెదుట పరికరమును నిలిపి చూడగా, ఉదజని యెఱ్ఱగీత నిజముగానే కనబడెను! పగటి వెలుగు అన్ని రంగులలో పరచుకొని పలుచబడును. మంట వెలుగు ఒక్క రంగుననే చిక్కగా నిలుచును. ఇందలి కీలకమంతయు నిదియే.

నా నీహారిక వెలిగెడిదియు ఆ యెఱ్ఱగీతతోనే; దాని తరంగదైర్ఘ్యము 656 నానోమీటర్లు. కెమేరా ముందు నేను బెట్టు వడపోత గాజు ఆ రంగు చుట్టును ఏడు నానోమీటర్లను మాత్రము లోనికి విడుచును. కంటికి గనబడు వెలుగంతయు సుమారు మున్నూఱు నానోమీటర్ల మేర వ్యాపించును గనుక, తెల్లని వీధిదీపపు కాంతిలో నలుబదవ వంతుకంటె నెక్కువ లోనికి రాదు. నీహారిక యెఱుపు మాత్రము దాదాపు పూర్తిగా వచ్చును.

తక్కినది ఓపిక. భూమి తిరుగుటచే నక్షత్రములు గంటకు 15 డిగ్రీలు జరుగును. దూరదర్శినియు వాని వెంట తిరుగవలెను. అందుకై సింహాచలపు కొండలపైని, పదునెనిమిది డిగ్రీలు గూడ లేని యెత్తున, మసకలో మినుకు మినుకుమను ధ్రువుని వెదకి గురి కుదుర్చుకొందును. ఒక్కొక్కటి మూడు నిమిషముల చొప్పున అరువది చిత్రములు దీసి కలిపెదను. నూఱు చిత్రములు కలిపినచో చిత్రములోని గరుకుదనము పదియవ వంతునకు దిగును. నాకు సాధారణముగా అంత రాత్రి మిగులదు. సముద్రపు చెమ్మ అద్దముపై గ్రమ్మును, దానిని వెచ్చని పట్టీతో నాపవలెను. 1880లో అమెరికాలో హెన్రీ డ్రేపర్ 51 నిమిషములు పలకను దెఱచియుంచి మృగశిర ప్రాంతపు మహానీహారికను మొట్టమొదట ఛాయాచిత్రమున బట్టెను. ఆతని రాత్రి చీకటిది. నా యంత్రము మేలైనది. ఎవరి భాగ్యము గొప్పదో చెప్పలేను.

కథంతయు విని అమ్మ, "అట్లయిన ఆ తుపాను రాత్రి చూచిన పాలపుంతను గూడ దీసి చూపుము" అనెను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా నగరమును గూల్చినది. కొన్నిదినములు విద్యుత్తు లేదు. మూడవనాటి రాత్రి మబ్బులు విడిపోయి, చంద్రుడింకను ఉదయింపకమునుపు, నడినెత్తినుండి నైరుతి దాక పాలపుంత పరచుకొనెను. వీధిలోని పిల్లలలో నొకడు అది పొగయా యని యడిగెను. పదియేండ్లవాడు, అంతకుమున్నెన్నడు చూచియెఱుగడు. అమ్మ వానికి వ్రేలితో జూపుచు కథలు చెప్పెను. చెట్లు కూలి, కప్పులెగిరి, త్రాగునీటికై బిందెలు వరుస దీరిన వేళ ఆ యానందమును బయట జెప్పుకొనుటకు మాకు సిగ్గయ్యెను.

పాలపుంతను నేను దీయలేను. అది కోటానుకోట్ల నక్షత్రముల కాంతి. ఎండవలె అన్ని రంగులలో పరచుకొన్నది. గుంటూరి యుపాయము దానికి జెల్లదు. వడపోత గాజు వీధిదీపముతోపాటు దానిని గూడ మ్రింగును. తుపాను పిదప, 2015లో, నగరమున పాత పసుపుదీపములకు బదులు తెల్లని ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి; విద్యుత్తు చాల ఆదా యయ్యెను, మేలే. కాని పసుపుదీపముల కాంతి కొలది రంగులలోనే యుండుటచే దానిని వేఱుచేయుట సులభము. తెలుపును వేఱుచేయుటకు గాజు లేదు. దీపమునకు పైన కప్పు వేసి, వెలుగును నేలకు మరలించుట యొక్కటే మార్గము.

ఈ మాటను మా వీధిలో ఇల్లిల్లు దిరిగి చెప్పితిని. ఇరువురు తమ మేడమీది దీపములకు రేకు కప్పులు వేయించిరి. మూడవవారు దొంగల భయముచే నొప్పుకొనలేదు, వారిని తప్పుపట్టను. ఆ వైపున కొబ్బరిమట్టల దడి గట్టితిని. అమ్మకిప్పుడు ఎనుబదియొక్క యేండ్లు. కన్నులకు శుక్లములు తీయించిన పిమ్మట దూరపు చూపు బాగుగనే యున్నది. వచ్చు మార్గశిరమున, అమావాస్యనాడు, ఆమెను అరకు లోయకు దీసికొనిపోవుటకు మా తమ్ముడు కారు కుదుర్చుచున్నాడు. కెమేరాను వెంట తేవలదని ఆమె ఇప్పుడే షరతు పెట్టినది.