ముందు ఉత్తరం, తర్వాతే పుస్తకం

రిటైరైన మాస్టారికి తన జ్ఞాపకాలు టైపు చేసుకోవాలని కోరిక. డిగ్రీ చదివే అమ్మాయికి ప్రాజెక్టు రిపోర్టు గొడవ. అపార్ట్‌మెంటు సెక్రటరీ గారికి నెలనెలా నోటీసులు అంటించే పని. ముగ్గురూ షాపుకెళ్లి అడిగేది మాత్రం ఒకటే: "ఎమ్మెస్ వర్డ్ పుస్తకం ఉందా అండీ?" షాపాయన ముగ్గురికీ ఒకే పుస్తకం చేతిలో పెడతాడు. ఆయన్నేం అనగలం? మందుల షాపుకెళ్లి "మాత్రలున్నాయా" అంటే ఏ మాత్రలని ఇస్తాడు?

అందుకని పుస్తకం సంగతి తర్వాత చూద్దాం. మీరు మొట్టమొదట టైపు చేయబోయేది ఏమిటో చెప్పండి. తహసీల్దారు గారికి అర్జీయా, సొంత కథా, పిల్లాడి బయోడేటానా? అది తేలితే సగం బేరం అయిపోయినట్టే. విషయసూచిక తెరిచి, మీ పని ఎన్నో పేజీలో మొదలవుతుందో చూడండి. మొదటి యాభై పేజీలూ కంప్యూటరు పుట్టుపూర్వోత్తరాలూ, బటన్ల పేర్లూ అయితే మర్యాదగా తీసిన చోటే పెట్టేయండి. బటన్ల జాబితా బట్టీపట్టి ఉత్తరం రాసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద తిరిగే అలవాటుంటే ఇంకో జాగ్రత్త కావాలి. అక్కడ కంప్యూటరు పుస్తకాలు కారుచవకగా దొరుకుతాయి, దానికి కారణమూ ఉంది. వర్డ్ 2003 వరకు పైన మెనూలుండేవి. 2007లో వాటిని తీసేసి రిబ్బన్ అనే వెడల్పాటి పట్టీ పెట్టారు. ఆ ఒక్క వెర్షన్‌లో ఫైల్ అనే మాట కూడా మాయమై, ఎడమ మూల ఒక గుండ్రటి బటన్ వచ్చింది. 2010లో ఫైల్ మళ్లీ తిరిగొచ్చింది. ఇప్పుడు మీరు 2007 నాటి పుస్తకం కొన్నారనుకోండి, "గుండ్రటి బటన్ నొక్కండి" అని అది చెబుతుంది. మీరు తెరంతా గాలిస్తారు. అది దొరక్క, "ఈ వయసులో మనకెక్కడ వస్తుందిలే" అని మీమీదే విసుక్కుంటారు. తప్పు మీ వయసుది కాదండీ, పుస్తకం వయసుది. ఇంట్లో ఉన్న వెర్షన్ ఏదో ఓ చీటీ మీద రాసుకుని మరీ బయల్దేరండి.

వెర్షన్ కలిసినా పుస్తకం మంచిదో కాదో ఎలా తెలుస్తుందంటారా? నా పరీక్ష ఒకటుంది. ఉత్తరంలో తేదీని కుడివైపుకి పంపడం గురించి ఏం రాశారో వెతకండి. కొత్తవాళ్లందరూ చేసే పని ఏమిటంటే, స్పేస్ బార్ టకటకా నొక్కుకుంటూ తేదీని కుడి అంచుకి తోసుకుపోతారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. అక్షరాలు చిన్నగా ఉన్నాయని సైజు 12 నుంచి 14 చేయగానే తేదీ విరిగి కింది లైన్లో పడుతుంది. మంచి పుస్తకం ఇక్కడ ఆగుతుంది. కంట్రోల్, షిఫ్ట్, 8 కలిపి నొక్కమంటుంది. నొక్కితే అంతదాకా కనపడనివన్నీ బయటపడతాయి: స్పేస్ నొక్కిన ప్రతిచోటా ఓ చుక్క, ట్యాబ్ నొక్కినచోట చిన్న బాణం, ఎంటర్ నొక్కినచోట తిరగేసిన పి లాంటి గుర్తు. మీ తేదీ ముందు చీమలబారులా చుక్కలు కనిపిస్తాయి. వాటిని చెరిపేసి, కంట్రోల్‌తో ఆర్ నొక్కితే తేదీ కుడి అంచుకి అంటుకుని కూర్చుంటుంది. సైజు ఎంత పెంచినా కదలదు. ఏది నొక్కాలో ప్రతి పుస్తకమూ చెబుతుంది. పని చెడినప్పుడు ఎందుకు చెడిందో చూపించే పుస్తకాన్నే మీరు కొనండి.

ఇంగ్లీషు చదవగలిగితే ఎంచుకోవడానికి చాలా ఉన్నాయి. డాన్ గూకిన్ 1991లో 'డాస్ ఫర్ డమ్మీస్' రాసి ఆ పసుప్పచ్చ అట్టల వరసకి శ్రీకారం చుట్టాడు. వర్డ్ మీద కూడా ఆయనే రాస్తూ వచ్చాడు. నవ్విస్తూ చెబుతాడు, భయం పోతుంది. జోన్ ల్యాంబర్ట్ రాసిన 'స్టెప్ బై స్టెప్' పుస్తకాలకి అభ్యాసం చేసుకునే ఫైళ్లు కూడా ఇస్తారు. లెక్కల మాస్టారి ధోరణి నచ్చేవాళ్లకి అవి బాగుంటాయి. కాకపోతే అమెరికా పుస్తకాల్లో కాగితమంటే లెటర్ సైజు. అది మన ఏ4 కన్నా కాస్త వెడల్పు, పొడవు తక్కువ. జిరాక్స్ షాపులో ఉండేది ఏ4. అందుకని ఏ పాఠమైనా మొదలెట్టేముందు లేఅవుట్‌లో సైజు ఏ4గా మార్చుకోండి.

తెలుగులో రాసిన పుస్తకమైతే ఇంకో ప్రశ్న అడగాలి: ఇది నేర్పే తెలుగు టైపింగు ఏది? కొన్ని అను ఫాంట్లు, పేజ్‌మేకర్ నేర్పుతాయి. డీటీపీ సెంటర్లో పని చేయాలనుకునేవాళ్లకి అది కూడు పెట్టే విద్య. కానీ ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ, గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. మాస్టారు తన జ్ఞాపకాలు అమెరికాలో ఉన్న మనవరాలికి పంపాలంటే, ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి, అంటే యూనికోడ్ నేర్పే పుస్తకం కావాలి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి అనే తెలుగు ఫాంటు ఉంది. 2019లో విండోస్ 10కి వచ్చిన మార్పుతో, ఇంగ్లీషు అక్షరాల్లో 'అమ్మ' అని కొడితే తెలుగులో పడే కీబోర్డు కూడా అందులోనే చేరింది. ఈ సంగతి ఎత్తని పుస్తకం ఎంత కొత్త అట్ట వేసుకున్నా పాతదే.

డబ్బు పెట్టి వర్డ్ కొననివాళ్లకి లిబ్రే ఆఫీస్ రైటర్ ఉంది. అదీ ఉచితమే, దాని పుస్తకాలూ ఉచితమే. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు రాసి పీడీఎఫ్‌గా పెట్టారు. 'రైటర్ గైడ్' లావు చూసి కంగారుపడకండి. ముందు 'గెటింగ్ స్టార్టెడ్ గైడ్' తీసి, అందులో రైటర్ గురించిన అధ్యాయం ఒక్కటి చదివితే అర్జీ రాసేయొచ్చు.

ఏది కొన్నా పడక్కుర్చీలో వాలి నవల చదివినట్టు చదవకండి. కీబోర్డు పక్కన తెరిచి పెట్టుకుని, ఒక పేరా చదివి ఒక పని చేయండి. మూడో రోజుకి మీ పేరుతో ఒక కాగితం ప్రింటరులోంచి బయటికి రాకపోతే మొహమాటపడకుండా పుస్తకం మార్చేయండి. ఇంతకీ మొదటి ఉత్తరం ఎవరికో చెప్పనేలేదు మీరు!